ఖాళీ కూడా అక్షరమే!
(వికీ పేజీలో కనబడని గుర్తుల కథ)

పిల్లలూ! మీ నోటుపుస్తకం తెరిచి ఏదో ఒక పేజీ చూడండి. మొదట మీ కంటికి అక్షరాలు కనబడతాయి. ఇప్పుడు అక్షరాలను పక్కన పెట్టి, వాటి మధ్య ఉన్న ఖాళీలను మాత్రమే చూడండి. పదానికీ పదానికీ మధ్య చిన్న ఖాళీ. పేరా మొదట్లో బొటనవేలంత ఖాళీ. పద్యం రాసినచోట కుడివైపున పెద్ద ఖాళీ. కూడిక చేసినచోట ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు రావడానికి వదిలిన ఖాళీ.

"ఖాళీ అంటే ఏమీ లేకపోవడమే కదా మాష్టారూ! దాని గురించి చెప్పుకోవడానికి ఏముంది?" అంటారేమో. ఈ రెండు వాక్యాలు చదవండి.

మారాజు వచ్చాడు.
మా రాజు వచ్చాడు.

అక్షరాలు అవే. వరుస కూడా అదే. మొదటి వాక్యంలో సింహాసనం మీద కూర్చునే ప్రభువు వచ్చాడు. రెండో వాక్యంలో మన పక్కింటి రాజు వచ్చాడు! తేడా తెచ్చింది ఒక్క ఖాళీ. మన పూర్వులు తాటాకుల మీద గంటంతో రాసేటప్పుడు పదాల మధ్య ఖాళీ వదిలేవారు కాదు. ఎక్కడ విరవాలో చదివేవారే తెలుసుకోవాలి. అచ్చు పుస్తకాల కాలానికి ఖాళీ ఒక వస్తువే అయింది. సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరు పదానికీ పదానికీ మధ్య అక్షరం లేని ఒక పొట్టి సీసపు ముక్క పెట్టేవాడు. అది మిగతా అక్షరాల కంటే పొట్టిది కాబట్టి దానికి సిరా అంటదు. కాగితం మీద తెల్లగా ఉండిపోతుంది. అంటే ఆ ఖాళీని ఒకరు చేత్తో తీసి పెట్టారన్నమాట!

మరి కంప్యూటరులో సంగతి ఏమిటి? అది చెప్పుకునే ముందు మా బడిలో జరిగిన ఒక ముచ్చట వినండి.

వానలెక్క తారుమారైంది

కొన్నేళ్ల కిందట వానాకాలంలో మా ఎనిమిదో తరగతి పిల్లలు బడి ఆవరణలో వర్షమాపకం పెట్టారు. రోజూ ఉదయం ఒక అమ్మాయి దానిలోని నీటిని కొలిచి, పారబోసి, లెక్క రాసుకునేది. వారం చివర ఆ లెక్కను మా బడి వికీ పేజీలో టైపు చేసింది. వరుసలు కలవడానికి స్పేస్ బార్‌ను చాలాసార్లు నొక్కి ఇలా చక్కగా పేర్చింది (ఇక్కడ ఒక్కొక్క చుక్క ఒక్కొక్క ఖాళీ అనుకోండి).

సోమ···మంగళ···బుధ···గురు···శుక్ర
12·····5··············20·····8

బుధవారం కింద ఏమీ లేదు. ఆ రోజు అమ్మాయికి జ్వరం. కొలవలేదు. పేజీ భద్రం చేశాక తెర మీద కనబడింది ఇది:

సోమ మంగళ బుధ గురు శుక్ర 12 5 20 8

తొమ్మిదో తరగతి పిల్లలు ఈ పేజీ చూసి రేఖాపటం గీశారు. సోమవారం 12, మంగళవారం 5, బుధవారం 20, గురువారం 8 అని వరుసగా వేసుకుపోయారు. శుక్రవారం వాన లేదనుకున్నారు. చూశారా, గురువారం లెక్క బుధవారానికి జరిగింది, శుక్రవారం లెక్క గురువారానికి జరిగింది!

ఇంకొక విశేషం ఉంది. బుధవారం కొలవలేదంటే, ఆ నీరు పాత్రలోనే ఉండిపోయిందని అర్థం. గురువారం ఉదయం వచ్చిన 20 మిల్లీమీటర్లు రెండు రోజుల వాన. ఆ సంగతి మనకు చెప్పేది బుధవారం కింద ఉన్న ఖాళీ ఒక్కటే. ఆ ఖాళీయే మాయమైంది. కొలిచిన అమ్మాయి అబద్ధం రాయలేదు. పటం గీసిన పిల్లలు లెక్క తప్పలేదు. అయినా ఫలితం తప్పు. మరి తప్పు ఎక్కడుంది?

కంప్యూటరు కంటికి ఖాళీ

కంప్యూటరు ప్రతి అక్షరాన్నీ ఒక అంకెగా దాచుకుంటుంది. ప్రపంచ భాషలన్నిటికీ వాడే యూనికోడ్ పద్ధతిలో 'అ' సంఖ్య 3077, 'క' సంఖ్య 3093. స్పేస్ బార్ నొక్కితే వచ్చే ఖాళీకీ ఒక సంఖ్య ఉంది. అది 32. ట్యాబ్ మీట నొక్కితే వచ్చే పెద్ద ఖాళీ సంఖ్య 9. మన కంటికి 'క' కనబడుతుంది, ఖాళీ కనబడదు. కంప్యూటరుకు మాత్రం 3093 ఎంతో 32 కూడా అంతే. రెండూ అంకెలే.

వరుస మారడం కూడా ఒక గుర్తే. పాత టైపు మిషనులో ఒక వరుస అయిపోతే రెండు పనులు జరగాలి. కాగితాన్ని మోసే బండి మొదటికి రావాలి. కాగితం ఒక వరుస పైకి జరగాలి. కంప్యూటరుకు ఈ రెండు పనులకూ రెండు సంఖ్యలు వచ్చాయి. బండి మొదటికి రావడానికి 13, వరుస జరగడానికి 10. విండోస్ కంప్యూటర్లు వరుస చివర ఈ రెంటినీ రాసే ఆచారం పెట్టుకున్నాయి. యూనిక్స్, లినక్స్ కంప్యూటర్లు 10 ఒక్కదానితో సరిపెట్టుకుంటాయి. ఒకే పేజీని పదిమంది పది రకాల యంత్రాల నుంచి రాస్తే వరుస చివర గుర్తులు కలగాపులగం అవుతాయి. అందుకని వాటన్నిటినీ ఒకే రకంగా మార్చుకోవడం వికీ చేయవలసిన మొదటి పని.

వికీ ఎలా పనిచేస్తుంది?

వికీ అంటే చదివేవారే రాయడానికి, దిద్దడానికి కూడా వీలున్న పేజీల సంపుటం. మొదటి వికీని 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికా ప్రోగ్రామరు అందరికీ తెరిచాడు. హవాయి భాషలో 'వికీ' అంటే త్వరగా అని అర్థం. హొనలూలూ విమానాశ్రయంలో 'వికీ వికీ' అనే బస్సు ఉండేది. ఆ పేరే ఆయన తీసుకున్నాడు. 2001 జనవరిలో వికీపీడియా, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యాయి. వికీపీడియాను నడిపే ప్రోగ్రాము పేరు మీడియావికీ. మా బడి వికీ కూడా దానితోనే నడుస్తుంది.

వికీలో మనం రాసేది ఒకటి, చదివేవారికి కనబడేది ఒకటి. మనం రాసేదాన్ని మూలపాఠం అందాం. అందులో కొన్ని సులువైన గుర్తులు ఉంటాయి. వరుస మొదట్లో * పెడితే చుక్కల జాబితా. # పెడితే 1, 2, 3 అంకెల జాబితా. రెండు పక్కలా == పెడితే శీర్షిక. వికీ ప్రోగ్రాము ఈ మూలపాఠాన్ని చదివి హెచ్.టి.ఎం.ఎల్. అనే భాషలోకి మారుస్తుంది. బ్రౌజరు దానిని తెర మీద చూపుతుంది.

అంటే మనం వదిలిన ఖాళీ రెండు గేట్లు దాటాలి. మొదటి గేటు వికీ, రెండో గేటు బ్రౌజరు. ఖాళీలు చాలావరకు పోయేది రెండో గేటు దగ్గర. "పక్కపక్కన ఎన్ని ఖాళీలు ఉన్నా ఒక్కటిగానే చూపు" అనేది హెచ్.టి.ఎం.ఎల్. నియమం.

ఇదేం అన్యాయం అనకండి. దీనికి కారణం ఉంది. ఒకే పేజీని ఒకరు గోడంత తెర మీద చదువుతారు, ఇంకొకరు అరచేతిలో ఫోనులో చదువుతారు. వరుస ఎక్కడ విరగాలో రాసేవాడికి ముందుగా తెలియదు. అది తెర వెడల్పును బట్టి బ్రౌజరే నిర్ణయించాలి. బిందెలో పోస్తే బిందె ఆకారం, చెంబులో పోస్తే చెంబు ఆకారం తీసుకునే నీరులాగా పాఠం పారాలి. రాసేవాడు తన తెరను బట్టి ఖాళీలు పేర్చితే, అది గడ్డకట్టిన మంచులాగా వేరే పాత్రలో ఇమడదు.

అయిదు నియమాలు

ఇప్పుడు మీడియావికీలో ఖాళీలకు ఏమవుతుందో మెట్టుమెట్టుగా చూద్దాం.

ఒకటి: పదాల మధ్య ఎన్ని ఖాళీలు కొట్టినా తెర మీద ఒక్కటే.

రెండు: ఎంటర్ మీట ఒకసారి నొక్కి కింది వరుసలో రాస్తే, అదీ ఒక ఖాళీగానే మారుతుంది. రెండు వరుసలూ కలిసిపోతాయి. వానలెక్కలో రోజుల పేర్లూ అంకెలూ ఒకే వరుసలోకి వచ్చింది ఇందుకే.

మూడు: మధ్యలో ఒక వరుస పూర్తిగా ఖాళీగా వదిలితే కొత్త పేరా మొదలవుతుంది.

నాలుగు: వరుస మొదట్లో ఒక్క ఖాళీ ఉన్నా, ఆ వరుసను వికీ వేరుగా చూస్తుంది. దాన్ని గీతల గడిలో పెట్టి, వేరే రకం అక్షరాలతో చూపుతుంది. అందులోని ఖాళీలను కుదించదు. ఇది ప్రోగ్రాములవంటివి ఉన్నవున్నట్టు చూపడానికి పెట్టిన ఏర్పాటు. అయితే మన తెలుగు మాష్టార్లు "పేరా మొదట్లో కాస్త జరిపి రాయండి" అని నేర్పుతారు కదా! ఆ మాట విని పిల్లలు స్పేస్ బార్ నొక్కుతారు. వెంటనే పేరా ఒక పెట్టెలో ఇరుక్కుంటుంది. పాపం, తామేదో పాడుచేశామని భయపడతారు. ఆ ఖాళీ తీసేస్తే చాలు, పెట్టె పోతుంది.

అయిదు: అంకెల జాబితాలో రెండు వరుసల మధ్య ఖాళీ వరుస వదిలితే జాబితా అక్కడితో ముగుస్తుంది. తరువాతి # మళ్లీ 1 నుంచి మొదలవుతుంది. ప్రయోగం రాసేటప్పుడు "3వ మెట్టు పూర్తయ్యాకే దీపం వెలిగించండి" అని చెప్పామనుకోండి. పేజీలో 1, 2, 1, 2 అని కనబడితే చదివేవాడు మూడో మెట్టును ఎక్కడ వెతుక్కుంటాడు? చూపులేనివారికి పేజీని చదివి వినిపించే ప్రోగ్రాములు కూడా "జాబితా అయిపోయింది, కొత్త జాబితా మొదలైంది" అని చెప్పి వారిని తికమకపెడతాయి.

ఏది న్యాయం?

ఈ నియమాలను మా తరగతిలో చర్చకు పెట్టాను. ఒక అబ్బాయి లేచి, "రాసింది రాసినట్టే చూపితే గొడవే లేదు కదండీ! నేను పద్యం నాలుగు పాదాలుగా రాస్తే వికీ దాన్ని ఒకే వరుస చేసింది" అన్నాడు. పద్యానికి పాదం విరుపు ప్రాణం కదా, అతడి మాటలో న్యాయం ఉంది.

ఇంకొక అమ్మాయి, "నేను పాత ఉత్తరం ఒకటి వికీలోకి ఎక్కించాను. అందులో ప్రతి వరుస చివరా ఎంటర్ ఉంది. రాసింది రాసినట్టు చూపితే ఫోనులో సగం వరుస, ముక్క వరుస, సగం వరుస, ముక్క వరుసగా కనబడేది. వికీ కలిపేయడమే మంచిదైంది" అంది. ఆమె మాటా న్యాయమే.

ఒకే ఎంటర్ గుర్తు! ఒకరికి అర్థం ఉన్నది, ఇంకొకరికి అర్థం లేనిది. యంత్రానికి ఈ తేడా ఎలా తెలుస్తుంది? తెలియదు. అందుకని ఒక మంచి దారి ఉంది. అర్థంలేని ఖాళీలను యంత్రం పట్టించుకోకూడదు. అర్థమున్న ఖాళీని రాసేవాడు కంటికి కనబడే గుర్తుతో చెప్పాలి. వికీపీడియాలో పద్యానికి ముందూ వెనుకా 'పోయెమ్' అనే గుర్తు పెడితే పాదాలు పాదాలుగానే ఉంటాయి. ఒక్కచోట వరుస విరవాలంటే 'బీఆర్' గుర్తు ఉంది. ఉన్నవున్నట్టు చూపాలంటే 'ప్రీ' గుర్తు ఉంది.

కనబడే గుర్తే ఎందుకు? 2004లో వచ్చిన మార్క్‌డౌన్ అనే పద్ధతిలో వరుస చివర రెండు ఖాళీలు వదిలితే వరుస విరుగుతుంది. రాయడానికి సులువే. కాని వరుస చివర ఖాళీలు ఉన్నాయో లేవో మీ కంటికి కనబడుతుందా? దిద్దడానికి వచ్చిన రెండోవాడు అవి పొరపాటున వచ్చాయనుకొని తీసేస్తే? కొన్ని ప్రోగ్రాములు అటువంటి ఖాళీలను తామే తుడిచేస్తాయి కూడా. పదిమంది చేతులు పడే పేజీలో కనబడని గుర్తు మీద అర్థాన్ని నిలబెట్టడం ఇసుక మీద గోడ కట్టడమే.

కుదించకూడని ఖాళీలు

అన్ని ఖాళీలూ ఒక జాతివి కావు. "ఊరు 10 కి.మీ. దూరం" అని రాస్తే, 10 ఒక వరుస చివరా, కి.మీ. తరువాతి వరుస మొదట్లోనూ పడవచ్చు. అలా విడిపోకుండా పట్టి ఉంచే ఖాళీ ఒకటి ఉంది. దాని సంఖ్య 160. చూడటానికి మామూలు ఖాళీలాగే ఉంటుంది గాని, దాని దగ్గర వరుస విరగదు, పక్కపక్కన ఉన్నా కుదించుకుపోదు.

మన తెలుగుకు కావలసిన ఇంకొక చిత్రమైన గుర్తు ఉంది. దాని సంఖ్య 8204. దానికి వెడల్పే లేదు! 'సాఫ్ట్వేర్', 'సాఫ్ట్‌వేర్' అనే ఈ రెండు రూపాలూ చూడండి. మొదటిదానిలో 'వ' వత్తుగా మారి కిందికి చేరింది. రెండోదానిలో 'ట్' దగ్గర పొల్లు నిలిచి, 'వే' విడిగా వచ్చింది. రెండోదానిలో ఆ వెడల్పులేని గుర్తు మధ్యన కూర్చుని అక్షరాలు కలవకుండా ఆపింది. దీన్ని 'పనికిరాని ఖాళీ' అనుకొని యంత్రం తుడిచేస్తే మన మాటల రూపమే మారిపోతుంది. అందుకని కుదించే నియమం 32, 9, 10, 13 వంటి మామూలు ఖాళీలకే గాని, కంటికి కనబడని ప్రతిదానికీ వర్తించకూడదు.

పేజీ పేర్ల సంగతి వేరు. 'మన ఊరు' అనే పేరులో ఒకరు ఒక ఖాళీ, ఇంకొకరు రెండు ఖాళీలు కొడితే, చూడటానికి ఒకేలా ఉన్న రెండు పేజీలు తయారయ్యే ప్రమాదం ఉంది. అందుకే మీడియావికీ పేరు మొదట్లో, చివర్లో ఉన్న ఖాళీలను తీసేసి, మధ్యలో ఉన్నవాటిని ఒక్కటి చేస్తుంది. ఇక్కడ కుదించడమే మేలు.

లెక్క కుదిరింది

మళ్లీ మా వానలెక్కకు వద్దాం. రేఖాపటం చూసిన ఆ అమ్మాయి, "మాష్టారూ, బుధవారం నేను కొలవనే లేదు. 20 ఎలా వచ్చింది?" అని అడిగింది. 'సవరించు' నొక్కి మూలపాఠం తెరిచాం. ఆమె కొట్టిన ఖాళీలు ఒక్కటీ పోలేదు, అన్నీ అక్కడే ఉన్నాయి! వికీ మార్చింది చూపే తీరునే గాని, రాసినదాన్ని కాదు. వికీ పాటించవలసిన నియమాలలో నా లెక్కకు ఇది అన్నిటికంటే పెద్దది. చూపేటప్పుడు ఖాళీలను కుదించవచ్చు గాని, మనం రాసిన మూలం మాత్రం చెక్కుచెదరకూడదు. మూలం ఉంటేనే తప్పు ఎక్కడ జరిగిందో వెతకగలం.

తరువాత ఆ లెక్కను పట్టికగా రాశాం. వికీలో పట్టికకు నిలువు గీత | గుర్తు. అంకెల వరుస ఇలా వచ్చింది:

| 12 || 5 || కొలవలేదు || 20 (రెండు రోజులది) || 8

ఇప్పుడు గడికీ గడికీ మధ్య హద్దు కనబడుతోంది. గడిలో ఏమీ రాయకపోయినా అది గడిగానే ఉంటుంది, పక్క అంకె జరిగి అందులోకి రాదు. కాని మేము గడిని ఖాళీగా వదలలేదు. ఎందుకో తెలుసా? ఖాళీని చూసి ఒకరు 'వాన పడలేదు' అనుకుంటారు, ఇంకొకరు 'కొలవలేదు' అనుకుంటారు. వాన పడకపోతే 0 రాయాలి. కొలవకపోతే కొలవలేదని రాయాలి. సున్నా ఒక కొలత. కొలవకపోవడం సున్నా కాదు. ఇది కంప్యూటరు పాఠం కంటే ముందు సైన్సు పాఠం.

చేసి చూడండి

ఇద్దరు స్నేహితులు కూర్చోండి. ఒకరు కాగితం మీద నాలుగైదు వాక్యాలు రాయండి. ప్రతి ఖాళీకీ ఒక చుక్క, వరుస మార్చినచోట ఒక బాణం గుర్తు పెట్టండి. కొన్నిచోట్ల కావాలని మూడు చుక్కలు, ఒకచోట రెండు బాణాలు పెట్టండి. రెండోవారు వికీ యంత్రంగా మారి, పైన చెప్పిన మొదటి మూడు నియమాల ప్రకారం దానిని ఇంకో కాగితం మీదకు ఎత్తి రాయండి. ఆ తరువాత అదే పాఠాన్ని అరచేతి వెడల్పు కాగితం మీద మళ్లీ రాయండి. దేనిలో అర్థం చెడింది? ఎక్కడ కనబడే గుర్తు అవసరమైంది?

ప్రశ్నలు

1. ఎంటర్ ఒకసారి నొక్కితే వికీలో ఏమవుతుంది? రెండుసార్లు నొక్కి మధ్యలో ఖాళీ వరుస వదిలితే?
2. వర్షమాపకం లెక్కలో శుక్రవారం కూడా కొలవలేదనుకోండి. ఖాళీలతో పేర్చిన పాఠం తెర మీద ఎలా కనబడుతుంది? అది చూసి ఏయే రోజులు కొలవలేదో చెప్పగలరా?
3. 32 సంఖ్య గల ఖాళీకీ, 160 సంఖ్య గల ఖాళీకీ తేడా ఏమిటి?
4. మీ తరగతి హాజరు పట్టీలో ఖాళీగా వదిలిన గడికి ఎన్ని అర్థాలు రావచ్చు? ఒక్కొక్క అర్థానికీ ఒక్కొక్క గుర్తు మీరే ఆలోచించి పెట్టండి.